ఐదేళ్ల రాబడి అంటే ఏ రోజు నుంచి?

సంపాదకులకు నమస్కారం.

బెంగళూరులో తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, కె.ఆర్.పురం వైపు ఆదివారం వచ్చిందంటే ఏదో ఒక అపార్టుమెంటులో మ్యూచువల్ ఫండ్ల (పదిమంది డబ్బు పోగుచేసి షేర్లలోనో బాండ్లలోనో పెట్టే పథకాల) ‘అవగాహన సదస్సు’ ఉంటోంది. టీ, సమోసాలు, ఒక ప్రొజెక్టరు. చెప్పేది మన తెలుగులోనే. వినేవాళ్లలో కడప నుంచో అనంతపురం నుంచో వచ్చి పిల్లల దగ్గర ఉంటున్న రిటైరైన పెద్దలు చాలామంది. ఆ తెర మీద కనబడే ‘ఐదేళ్ల రాబడి’ అనే ఒక అంకె గురించే ఈ ఉత్తరం.

2020 మార్చి 23న కరోనా భయంతో నిఫ్టీ (50 పెద్ద కంపెనీల షేర్ల సూచీ) ఒక్కరోజులో 13 శాతం పడి 7,610 దగ్గర ముగిసింది. సరిగ్గా అక్కడి నుంచి ఐదేళ్లు లెక్కగడితే ఏడాదికి సుమారు 25 శాతం పెరుగుదల కనిపిస్తుంది. అబద్ధం కాదు. కానీ మూడు నెలలు వెనక్కి జరిగి, 2019 డిసెంబరు 31 నుంచి 2024 డిసెంబరు 31 దాకా చూస్తే 12,168 కాస్తా 23,645 అయింది. ఏడాదికి 14 శాతం. అంతకుముందు సంగతి అడిగేవాళ్లే లేరు: 2007 చివర 20,287 దగ్గరున్న సెన్సెక్స్ (అలాంటిదే మరో షేర్ల సూచీ), ఆరేళ్ల తర్వాత 2013 చివర 21,171 దగ్గర ఉంది. కంపెనీలు లాభాల్లోంచి పంచే డివిడెండ్లు పక్కన పెడితే ఆరేళ్లకు వచ్చింది దాదాపు సున్నా. ఈ మూడు లెక్కలూ ఒకే మార్కెట్‌వి. తెర మీదికి వచ్చేది మాత్రం మొదటిదే.

కుర్రాళ్లకు చెప్పే ‘నెలకు 15 వేలు చొప్పున 15 ఏళ్లు కడితే, 15 శాతం రాబడితో కోటి రూపాయలు’ కూడా ఇలాంటిదే. రాబడి 10 శాతమైతే చేతికొచ్చేది 62 లక్షల చిల్లర. పోనీ కోటే వచ్చిందనుకున్నా, ధరలు ఏటా 6 శాతం పెరిగితే అప్పటి కోటి ఇప్పటి 42 లక్షలతో సమానం. అయినా వాళ్లకు వయసుంది, జీతం ఉంది, తట్టుకుంటారు.

నా బెంగంతా పెద్దవాళ్ల గురించి. ఈ మధ్య ఒక సదస్సులో రిటైరైన ఉపాధ్యాయుడొకాయనకు, చేతికొచ్చిన 50 లక్షలూ ఈక్విటీ ఫండులో (షేర్లలో పెట్టే ఫండులో) పెట్టి నెలకు 50 వేలు తీసుకోమని సలహా ఇచ్చారు. ‘ఏ నెలైనా రాకుండా పోతుందా బాబూ?’ అని అడిగారాయన. ‘ఆ ప్రశ్నే లేదు సార్’ అన్నాడు సదస్సు నడుపుతున్న అబ్బాయి. నిజమే, రాకుండా పోదు. మార్కెట్ పడినా ఫండులో మన వాటాలైన యూనిట్లే అమ్మి మనకే ఇస్తారు. మొదటి ఏడాదే మార్కెట్ 20 శాతం పడిందనుకోండి, నెలనెలా తీసుకున్నది పోను మిగిలేది 34, 35 లక్షలు. ఆ తర్వాత అసలు సొమ్ము కరగకుండా అదే 50 వేలు తీసుకోవాలంటే ఏటా 17 శాతానికి పైగా రావాలి. మార్కెట్ మళ్లీ లేచినా, పడినప్పుడు అమ్మేసిన యూనిట్లు తిరిగి రావు. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకం వడ్డీ 2023 ఏప్రిల్‌లో 8.2 శాతానికి పెరిగింది, 30 లక్షల దాకా పెట్టొచ్చు. దాని ఊసు ఆ పూటంతా ఎత్తలేదు. అందులో వాళ్లకు కమీషన్ లేదు మరి!

పాతిక శాతానికి అలవాటుపడిన కంటికి పన్నెండు ఆనదు. అక్కడి నుంచే కొందరు, ధరలు ఎటు పోతాయోనని పందెం కాసినట్టుండే ఫ్యూచర్స్, ఆప్షన్ల వైపు వెళ్తున్నారు. 2021-22 నుంచి 2023-24 వరకు ఫ్యూచర్స్, ఆప్షన్లలో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీయే 2024 సెప్టెంబరులో చెప్పింది.

ఫండ్ల ప్రకటనల్లో ఒకటి, మూడు, ఐదేళ్ల రాబడులు చూపాలన్న నిబంధన ఉంది. కానీ అవన్నీ ఒకే తేదీతో ముగుస్తాయి. ఆ రోజు మార్కెట్ ఊపు మీదుంటే అన్నీ బాగానే కనిపిస్తాయి. వాటి పక్కనే ఆ ఫండు చరిత్రలో అతి చెత్త ఐదేళ్ల రాబడిని కూడా అంతే పెద్ద అక్షరాల్లో వేయాలని సెబీ ఆదేశించాలి. మీ పత్రిక బిజినెస్ పేజీలో ఫండ్ల పట్టిక వేసేటప్పుడు ఆ ఒక్క గడి మీరే ముందుగా చేర్చవచ్చు, ఎవరి ఆదేశమూ అక్కర్లేదు. అపార్టుమెంటు సంఘాలవాళ్లు హాలు ఇచ్చే ముందు, వచ్చేది కమీషన్ మీద అమ్మే పంపిణీదారా, ఫీజు తీసుకుని సలహా ఇచ్చే సెబీ నమోదిత సలహాదారా అని అడిగి, ఆ మాట నోటీసు బోర్డులో రాయాలి. మా సంఘం వచ్చే సమావేశంలో ఈ తీర్మానం నేను పెడుతున్నాను.

— ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
మారతహళ్లి, బెంగళూరు