విషయం: మీ తెలుగు ఆడియోలో టైటానిక్ సినిమా కోరస్ వినపడటం లేదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్కారం. రెండేళ్లుగా మీ యాప్‌కి చందా కడుతున్నాను. ఈసారి ఎక్కువ డబ్బు పెట్టి పెద్ద ప్లాన్ తీసుకున్నాను. అందులో 5.1 సౌండ్, అంటే ఆరు ఛానెళ్లలో చుట్టూ వినిపించే సౌండ్, ఉంటుందని మీరు రాయడమే దానికి కారణం. పోయిన ఆదివారం రాత్రి మా అమ్మకి టైటానిక్ తెలుగులో పెట్టాను. ఆ రాత్రి గురించే ఈ ఉత్తరం. చాట్‌లో మూడుసార్లు చెప్పుకున్నాను. మూడుసార్లూ యాప్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయమన్నారు. చేశాను, ఏమీ మారలేదు. అందుకే వివరంగా రాస్తున్నాను.

అమ్మకి 71 ఏళ్లు. గుంటూరులో మా లూథరన్ చర్చి క్వయర్‌లో 30 ఏళ్లకు పైగా ఆల్టో (ఆడవాళ్ల గొంతుల్లో కింది స్థాయి) పాడింది. ఇంగ్లిష్ మాటలు ఆమెకు అందవు కానీ ఈ సినిమా సంగీతం మాత్రం కంఠతా వచ్చు. 1998లో నాన్న దాని క్యాసెట్ కొనుక్కొస్తే, వంటింటి కిటికీలో టేప్‌రికార్డర్ పెట్టుకుని, టేపు సాగిపోయి గొంతులు వంకరపోయేదాకా విన్నది. ఇన్నేళ్లకి మాటలు కూడా అర్థమయ్యేలా చూద్దామని ఆశపడింది. ఓడ నడిసముద్రంలోకి వెళ్లగానే నా వైపు తిరిగి, "కోరస్ ఏదిరా? తీసేశారా?" అంది. సౌండ్‌బార్ వైరు ఊడిందేమోనని లేచి చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

ఆ సీన్ ఏదో మీకు చెప్పాలి. కెప్టెన్ వేగం పెంచమంటాడు. ఇంజన్ గదిలో పిస్టన్లు లేచి పడుతుంటాయి, కార్మికులు కొలిమిలోకి బొగ్గు ఎత్తిపోస్తుంటారు, ఓడ ముందు డాల్ఫిన్లు ఎగురుతాయి, హీరో జాక్ ఓడ అంచున నిలబడి కేకలేస్తాడు. ఆ సీన్‌కి ప్రాణం వయొలిన్ల మీదుగా మెల్లగా లేచే గొంతులే. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అదే సీన్‌ని ఇంగ్లిష్‌లో ఒకసారి, తెలుగులో ఒకసారి, అలా ఐదుసార్లు మార్చి మార్చి విన్నాను. ఇంగ్లిష్‌లో గొంతులు నాలుగు పక్కలా నిండుగా ఉన్నాయి. తెలుగులో పిస్టన్ల చప్పుడు, కేకలు, డబ్బింగ్ మాటలు మాత్రం గట్టిగా ఉన్నాయి. వయొలిన్లు పక్కింట్లో వాయిస్తున్నట్టున్నాయి. గొంతులు లేనేలేవు. పైగా 5.1 అని రాసిన చోట తెలుగుకి వస్తున్నది మామూలు స్టీరియో, అంటే రెండు ఛానెళ్లే. సౌండ్‌బార్ డిస్‌ప్లే మీదే అలా చూపిస్తోంది.

మూడో చాట్‌లో మీ ఏజెంట్ ఒకరు, "సార్, ఈ సినిమాలో కోరస్ లేదు, అది కీబోర్డ్ సౌండ్" అని రాశారు. ఆ మాట నన్ను నిజంగా బాధపెట్టింది. ఇందులో చాలా చోట్ల వినిపించే కోరస్ కీబోర్డుతో చేసిందేనని నాకూ తెలుసు. అది సంగీత దర్శకుడు జేమ్స్ హార్నర్ ఎంచుకున్న పద్ధతి. పెద్ద ఆర్కెస్ట్రా పక్కన ఆ గొంతులు ఎలా ఉండాలో ఆయన కావాలని కూర్చుకున్నాడు. దాన్ని తీసేసే అధికారం మీకు దాని వల్ల రాదు. పైగా మాటల్లేకుండా రాగం తీసే ఆ ఒంటరి గొంతు కీబోర్డు కాదు, నార్వే గాయని సిస్సెల్‌ది. మొదట్లో, రేవులో జనం చేతులూపుతున్న పాత ఫొటోల రంగు దృశ్యం మీద వినిపించేది ఆమే. చివర్లో తుప్పు పట్టిన ఓడ మళ్లీ కొత్తగా వెలిగి, మెట్ల దగ్గర అందరూ నిలబడే చోట వినిపించేదీ ఆమే. మీ తెలుగు ఆడియోలో ఆమె గొంతు ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టుంది. 11 ఆస్కార్లు వచ్చిన సినిమా ఇది. అందులో రెండు సంగీతానికే వచ్చాయి, ఒకటి నేపథ్య సంగీతానికి, ఒకటి పాటకి.

ఇలాంటి ప్రమాదం సినిమాలో కోరస్ అలంకారం కాదు. 1912 ఏప్రిల్ 14 రాత్రి 11.40కి ఓడ మంచుకొండను తగిలింది, తెల్లవారుజామున 2.20కి మునిగిపోయింది. దాదాపు 1,500 మంది పోయారు. కెమెరా ఎంత తిరిగినా పదో ఇరవయ్యో ముఖాలు చూపగలదు. మిగతావాళ్లంతా ఉన్నారని మనకి తెలిసేది ఆ గొంతుల్లోనే. వాటిని తీసేస్తే మిగిలేది ఇనుము విరిగే చప్పుడు.

అన్నిటికంటే అన్యాయం జరిగింది ఓడ బ్యాండు వాళ్ల సీన్‌కి. వాలెస్ హార్ట్‌లీ బృందంలో ఎనిమిది మంది, ఒక్కరూ బతకలేదు. సినిమాలో వాళ్లు ఆఖరుగా వాయించే కీర్తన ట్యూన్ మా చర్చిలో భూస్థాపన ఆరాధనల్లో పాడతాం. నాన్న పోయినప్పుడు అమ్మ ఆయన కోసం కూడా పాడింది. ఆ సీన్‌లో ఒక తల్లి పిల్లల్ని పడుకోబెట్టి కథ చెబుతుంటుంది. మీ తెలుగులో ఆమె నోరు తెరవగానే వయొలిన్లు చటుక్కున పడిపోతున్నాయి, మాట ఆగగానే కుదుపుతో లేస్తున్నాయి. మళ్లీ మాట, మళ్లీ పడిపోవడం. కీర్తన ఒక్క చరణం కూడా తిన్నగా వినపడలేదు. అమ్మ అప్పటిదాకా లోలోపల ఆల్టో లైను పాడుకుంటోంది. నాలుగోసారి పడిపోయాక ఆపేసింది.

డబ్బింగ్‌లో ఇలా జరగాల్సిన అవసరం లేదని నాకు తెలుసు. ఇతర భాషల కోసం మాటలు తీసేసి, సంగీతం, చప్పుళ్లు మాత్రమే ఉన్న ట్రాకు తయారుచేస్తారు. డబ్బింగ్ వాళ్లు దాన్ని ఎం అండ్ ఈ అంటారు. దాని మీద తెలుగు గొంతులు కలిపితే సరిపోతుంది. ఆరు ఛానెళ్లని రెండుగా కుదించేటప్పుడు వెనక ఛానెళ్లని వదిలేస్తే అందులో ఉన్నది పోతుంది. మాటలు వినపడాలని సంగీతాన్ని మొత్తంగా తగ్గించినా ఇలాగే అవుతుంది. మీ దగ్గర ఈ రెండిట్లో ఏది జరిగిందో సౌండ్ తెలిసినవాళ్లతో చూపించి నాకు రాతపూర్వకంగా చెప్పండి.

ఇంకొకటి. సినిమా అయిపోయి, పేర్లు పడుతూ పాట మొదలవగానే మీ యాప్ తెరని చిన్న డబ్బాగా చేసి మూలకి నెట్టేసింది. రిమోట్ నా చేతికి అందేలోపే వేరే సినిమా ట్రైలర్ మొదలైంది. అమ్మ మూడు గంటలకు పైగా కూర్చున్నది ఆ పాట కోసం కూడా. ఆ పేర్లలో వాయించినవాళ్లూ పాడినవాళ్లూ ఉంటారు. సెట్టింగ్స్‌లో వెతికాను, ఇది ఆపడానికి ఆప్షన్ లేదు.

నేను అడిగేవి ఇవి. ఈ సినిమా తెలుగు ఆడియోని అసలు ట్రాకుతో మళ్లీ కలిపి, 5.1లో పెట్టండి. అది అయ్యేదాకా తెలుగు దగ్గర స్టీరియో అని నిజం రాయండి. చివరి పేర్లు పూర్తిగా చూసే ఆప్షన్ ఇవ్వండి. పెద్ద ప్లాన్ కోసం నేను అదనంగా కట్టిన డబ్బు తిరిగి ఇవ్వండి. తెలుగు ఎంచుకున్నవాళ్లకి సంగీతం సగమే చాలని ఎవరు అనుకున్నారో నాకు తెలియదు, కానీ మేము కట్టే చందా ఇంగ్లిష్‌లో చూసేవాళ్లు కట్టేదానికి ఒక్క రూపాయి కూడా తక్కువ కాదు.

రెండు ఆడియోల్లోనూ తేడా ఉన్న చోట్లు నిమిషాలతో సహా రాసి పెట్టాను, అడిగితే వెంటనే పంపుతాను. 15 రోజుల్లో జవాబు రాకపోతే వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. ఈసారి యాప్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయమని మాత్రం రాయకండి.

ఇట్లు,
మీ చందాదారుడు,
గుంటూరు