క్రిస్మస్ చెట్టుకు ఆపిల్ పండ్లు ఎందుకు కట్టారు?

సంపాదకులకు,

డిసెంబరు రాగానే క్రిస్మస్ చెట్టు పుట్టుక గురించి పత్రికల్లో రెండు కథలు తప్పక కనిపిస్తాయి. ఒకటి జర్మనీలో క్రైస్తవం బోధించిన సెయింట్ బోనిఫేస్‌ది, రెండోది ప్రొటెస్టంట్ ఉద్యమాన్ని మొదలుపెట్టిన మార్టిన్ లూథర్‌ది. బోనిఫేస్ కూల్చిన చెట్టు చోట ఫర్ మొక్క (సూదుల్లాంటి ఆకులతో ఏడాదంతా పచ్చగా ఉండే చెట్టు) మొలిచిందని మొదటి కథ. రెంటికీ ఆనాటి ఆధారం లేదు. 8వ శతాబ్దంలో జర్మనీలోని గైస్మార్ వద్ద బోనిఫేస్ కూల్చింది ఓక్ చెట్టును. ఆయన జీవితాన్ని మొదట రాసిన విల్లిబాల్డ్ ఆ కలపతో ప్రార్థనా మందిరం కట్టారన్నాడే గానీ ఫర్ మొక్క ఊసెత్తలేదు. ఇక లూథర్ నక్షత్రాలను చూసి చెట్టుకు కొవ్వొత్తులు పెట్టాడన్న కథ ఆయన రచనల్లో ఎక్కడా లేదు.

అసలు ఆధారాలు రైన్ నది ఎగువన, నేటి ఫ్రాన్స్‌లోని ఆల్సాస్‌లో ఉన్నాయి. సెలెస్టా పట్టణపు 1521 నాటి పద్దుల్లో, పండుగ వేళ చెట్లను ఎవరూ కొట్టుకుపోకుండా కాపలా కాసిన అటవీ కాపరులకు 4 షిల్లింగులు ఇచ్చినట్టు ఉంది. 1605 నాటి స్ట్రాస్‌బర్గ్ వర్ణన ఇంకా విలువైనది: ఇళ్లలో ఫర్ చెట్లు నిలిపి, రంగు కాగితపు గులాబీలు, ఆపిల్ పండ్లు, పల్చని అప్పాలు, బంగారు రేకులు, మిఠాయిలు వేలాడదీసేవారట. కొవ్వొత్తుల మాట అందులో లేదు.

ఈ జాబితాలో ఆపిల్‌నూ అప్పాన్నీ కలిపి చూడాలి. పాశ్చాత్య క్రైస్తవ సంప్రదాయంలో డిసెంబరు 24 ఆదాము హవ్వల దినం. మధ్యయుగాల్లో ఆ రోజు ఆడిన వారి నాటకానికి ఏదెను తోట చెట్టు కావలసి వచ్చేది. నడి చలికాలంలో ఆపిల్ చెట్టు ఆకు రాల్చి మోడై ఉంటుంది, పచ్చగా దొరికేది ఫర్ చెట్టే. అందుకే దానికి ఆపిల్ పండ్లు కట్టారు. ఇంటి చెట్టు ఈ నాటకపు చెట్టు నుంచే వచ్చిందని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. ఆపిల్ మనిషి పాపంలో పడిన పతనానికి గుర్తు. దివ్యసత్ప్రసాదాన్ని (చర్చిలో పంచే పవిత్ర రొట్టెను) తలపించే అప్పం రక్షణకు గుర్తు. రెండూ ఒకే కొమ్మకు వేలాడటంలోనే ఆ చెట్టు అర్థమంతా ఉంది. ఆపిల్‌ను తలపించే నేటి ఎర్ర గాజు బంతిలో సగమే మిగిలింది, అప్పం కనుమరుగైంది.

ఈ చెట్టు రోమన్ల ఆచారం నుంచి వచ్చిందనేవారూ ఉన్నారు. రోమన్లు డిసెంబరు 17న మొదలయ్యే సాటర్నేలియా పండుగకు, జనవరి తొలినాళ్లకు ఇళ్లను పచ్చని కొమ్మలతో అలంకరించిన మాట నిజమే. క్రైస్తవులూ గుమ్మాలకు లారెల్ ఆకులు, దీపాలు పెడుతున్నారని తొలినాటి క్రైస్తవ రచయిత టెర్టులియన్ మందలించాడు కూడా. కానీ గుమ్మానికి కట్టిన కొమ్మ వేరు, ఇంట్లో నిలిపిన చెట్టు వేరు. నడుమ వెయ్యేళ్లకు పైగా ఎడం ఉంది. మిగిలింది ఒక్క భావమే: అన్నీ ఎండినప్పుడు ఎండనిది ప్రాణానికి గుర్తు. ఫర్ జాతికి దగ్గరి చుట్టమైన లార్చ్ చలికాలంలో సూదులు రాలుస్తుంది, అందుకే దానికి ఈ గౌరవం దక్కలేదు.

పచ్చదనమే ప్రాణమైన చెట్టు వారానికే ఎండిపోతే బాధగా ఉంటుంది. అసలు చెట్టు తెచ్చుకునేవారు మొదలు నుంచి 2 సెంటీమీటర్ల మందాన అడ్డంగా కోసి, వెంటనే నీళ్లలో నిలపాలి. ఆలస్యమైతే కోసిన ముఖం మూసుకుపోయి నీరు ఎక్కదు. స్టాండులో ఇమడలేదని మొదలు చుట్టూ చెక్కకండి, నీటిని బాగా పీల్చేది బెరడు కిందనున్న బయటి పొరలే. 10 సెంటీమీటర్ల వ్యాసమున్న మొదలుకు 4 లీటర్లు పట్టే తొట్టి కావాలి. మొదటి రోజుల్లో చెట్టు ఎక్కువ తాగుతుంది, నీటిమట్టం కోసిన ముఖం కంటే దిగితే మళ్లీ కోయాల్సిందే.

భవదీయుడు,
ఒక పాఠకుడు