తుపాను రోజుల రేడియోకు సోలార్ రొద అడ్డు కాకూడదు

సంపాదకులకు నమస్కారాలు.

తుపాను ముప్పు ఉన్న మండలాల్లో అత్యవసర సమాచారం కోసం సోలార్ ప్యానెల్, బ్యాటరీ, రేడియో సెట్టు కలిపి సిద్ధంగా ఉంచుకోవాలన్న ఆలోచన ఎంతో మంచిది. అయితే ఆ ప్యానెల్‌కూ బ్యాటరీకీ మధ్య పెట్టే చార్జ్ కంట్రోలర్ అనే చిన్న పరికరం రేడియో వినికిడిని పూర్తిగా పాడు చేయగలదు. నేను చూసినంతలో, దాన్ని కొనేటప్పుడు ఈ ఒక్క సంగతి ఎవరూ పరీక్షించడం లేదు. కొనుగోళ్లు జరిగిపోయాక సరిచేయడం కష్టం కాబట్టి, సంబంధిత అధికారులూ పాఠకులూ ముందుగానే గమనిస్తారన్న ఆశతో ఈ లేఖ రాస్తున్నాను.

నాకు పదిహేనేళ్లుగా అమెచ్యూర్ రేడియో లైసెన్సు ఉంది. దీన్నే హామ్ రేడియో అంటారు. కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖ పరీక్ష పెట్టి, కాల్‌సైన్ అనే గుర్తింపు పేరు కేటాయించి, నిర్ణయించిన పౌనఃపున్యాల పరిధుల్లో, అంటే బ్యాండ్లలో మాట్లాడుకోవడానికి అనుమతిస్తుంది. సెల్ టవర్లు, కేబుళ్లు ఏవీ అక్కర్లేకుండా రెండు కొబ్బరి చెట్ల మధ్య కట్టిన ఒక తీగ, ఒక సెట్టు, 12 వోల్టుల బ్యాటరీ ఉంటే వందల కిలోమీటర్ల దూరానికి కబురు చేరుతుంది. 1996 నవంబరు 6న తుపాను మా కోనసీమ మీద విరుచుకుపడినప్పుడు నేను హైస్కూలు విద్యార్థిని. పక్క లంకలో ఉన్న మా మేనత్త కుటుంబం క్షేమంగా ఉందని తెలియడానికి మాకు నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులు మా నాన్నగారు గట్టు మీదికీ ఇంటికీ మధ్య తిరుగుతూనే ఉన్నారు. నేను తరవాత ఈ పరీక్ష రాయడానికి కారణం అదే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటాక విశాఖపట్నం అంతటి నగరంలోనే కరెంటూ సెల్‌ఫోన్లూ రోజుల తరబడి స్తంభించాయి. 2004 డిసెంబరు 26న సునామీ అండమాన్‌ను తాకినప్పుడు, దూరదేశాల హామ్‌లతో మాట్లాడే కార్యక్రమం కోసం అప్పటికే పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్న భారతి ప్రసాద్ బృందం తమ సెట్లతోనే క్షేమ సమాచారాలను ప్రధాన భూభాగానికి అందించింది. వారిని అక్కడికి పంపింది హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో. ఇలాంటి సమయంలో జనరేటర్‌కు డీజిల్ దొరకడం కష్టమవుతుంది కాబట్టి సోలార్ కరెంటు మీద ఆధారపడటమే సరైన దారి. నా స్టేషన్‌ను కూడా ఆ ఉద్దేశంతోనే సోలార్‌కు మార్చాను.

మార్చిన మర్నాడు మధ్యాహ్నమే సమస్య బయటపడింది. పగటిపూట రెండు మూడు వందల కిలోమీటర్ల దూరానికి మాకు ఆధారం 7 మెగాహెర్ట్జ్ బ్యాండు. రోజూ ఆ వేళకు శ్రీకాకుళం వైపు నుంచి మాట్లాడే మిత్రుడి గొంతు ఆ రోజు వినిపించలేదు. దాని బదులు, వేడి పెనం మీద నీళ్లు చిలకరించినట్టు ఎడతెగని గరగర వచ్చింది. సెట్టు మీద సిగ్నల్ బలాన్ని చూపే మీటరు ముల్లు 8 దగ్గర నిలబడింది. ఆకాశంలో మబ్బు తెర అడ్డం వచ్చినప్పుడల్లా ఆ గరగర స్థాయి మారుతూ ఉండటం చూసి అనుమానం వచ్చి, మేడ మీదికి వెళ్లి ప్యానెల్ మీద మందపాటి దుప్పటి కప్పమని నా భార్యను కోరాను. ఆమె దుప్పటి కప్పిన క్షణంలోనే ముల్లు 2కు పడిపోయింది, మిత్రుడి గొంతు పక్క గదిలో నుంచి మాట్లాడినంత స్పష్టంగా వినిపించింది. ఆ మీటరు మీద ఒక్కో అంకెకు శక్తి నాలుగు రెట్లు. అంటే ఆరు అంకెల తేడా నాలుగు వేల రెట్లకు పైమాట. అవతలివాళ్లు ఎంత గొంతు చించుకున్నా ఆ రొదను దాటి వినిపించలేరు.

దీనికి కారణం ప్యానెల్ కాదు, కంట్రోలర్. 12 వోల్టుల బ్యాటరీకి వాడే మామూలు ప్యానెల్ మంచి ఎండలో 18 వోల్టుల దగ్గర అత్యధిక శక్తినిస్తుంది. ఆ వోల్టేజీని బ్యాటరీకి సరిపడే స్థాయికి తగ్గించడానికి ఎంపీపీటీ రకం (ప్యానెల్ నుంచి వీలైనంత ఎక్కువ శక్తిని రాబట్టేవి) కంట్రోలర్లు కరెంటును సెకనుకు పదివేల సార్లు, కొన్ని లక్ష సార్లకు పైగా తెంపి కలుపుతాయి. కరెంటును చిన్న చిన్న విడతలుగా పంపే పీడబ్ల్యూఎం రకంవి బ్యాటరీ నిండుతున్న దశలో అంతకంటే నెమ్మదిగా ఇదే పని చేస్తాయి. అలా తెంపి కలిపే ప్రతిసారీ కరెంటు ఒక్కసారిగా లేచి పడుతుంది కాబట్టి, ఆ వేగానికి రెట్టింపు, మూడింతలు, నాలుగింతలు అంటూ వరసగా ఎన్నో పౌనఃపున్యాల్లో రొద పుడుతుంది. సెకనుకు లక్ష సార్లు తెంపే కంట్రోలర్‌లో 71వ రెట్టు సరిగ్గా 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర, అంటే మేము మాట్లాడుకునే చోటే పడుతుంది. ఇక మేడ మీది ప్యానెల్ నుంచి కింది గదికి దిగే రెండు వైర్లు ఆ రొదకు ఏరియల్‌గా మారతాయి. 7 మెగాహెర్ట్జ్‌కు సరిపడే ఏరియల్ పొడవు సుమారు 21 మీటర్లు. మన ఇళ్లలో ప్యానెల్ వైర్ల మొత్తం పొడవు చాలాసార్లు దాదాపు అంతే ఉంటుంది.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. ఈ రొద ఎండ ఉన్నంతసేపే ఉంటుంది. సాయంత్రం పూటో, గదిలో కరెంటు మీదో సెట్టును పరీక్షిస్తే అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ఒక కార్యాలయంలో జరిగిన మాక్ డ్రిల్‌కు నన్ను పిలిచినప్పుడు ఇదే చూశాను. ముందు రోజు రాత్రి పరీక్షలో చక్కగా పనిచేసిన సెట్టు, మర్నాడు పన్నెండు గంటలకు అధికారుల ముందు ఒక్క మాట కూడా వినిపించలేకపోయింది. సిబ్బంది ఏరియల్‌ను అనుమానించి గంటసేపు స్తంభం ఎక్కి దిగారు. చివరికి ప్యానెల్‌ను వేరు చేశాక సెట్టు మాట్లాడింది. నిజంగా తుపాను వెలిసిన మొదటి ఎండ రోజున, బ్యాటరీ అడుగంటి చార్జింగ్ అత్యవసరమైన ఆ గంటల్లోనే, ఆ సెట్టు వినికిడి పోయి ఉండేది. అలా జరగకుండా చూడటం కష్టమేమీ కాదు.

అన్నిటికంటే తేలికైన ఉపాయం కంట్రోలర్ ఎంపికలోనే ఉంది. బ్యాటరీ నిండగానే ప్యానెల్‌ను విడదీసి, వోల్టేజీ తగ్గాక మళ్లీ కలిపే సాదా రకం కంట్రోలర్లు ఉన్నాయి. అవి నిమిషాల వ్యవధిలో ఒక్కసారి మాత్రమే తెంపి కలుపుతాయి కాబట్టి రొద దాదాపు ఉండదు. మిగులు వోల్టేజీని వేడిగా మార్చి వదిలేసే లీనియర్ రకంవి కూడా నిశ్శబ్దంగా పనిచేస్తాయి. వీటితో కొంత శక్తి వృథా అవుతుందన్న అభ్యంతరం నిజమే. 18 వోల్టుల ప్యానెల్‌ను 13 వోల్టుల బ్యాటరీకి నేరుగా కలిపితే వంద వాట్లలో దాదాపు 28 వాట్లు చేతికి రావు. కానీ వంద వాట్లకు బదులు నూట యాభై వాట్ల ప్యానెల్ పెట్టుకుంటే ఆ లోటు తీరిపోతుంది. ప్యానెళ్ల ధరలు ఇంతగా తగ్గిన ఈ రోజుల్లో, కేవలం ఆ కాస్త శక్తి కోసం అత్యవసర రేడియోకు రొద చేసే కంట్రోలర్‌ను ఎంచుకోవడం నాకు సమంజసంగా కనిపించదు.

ఇప్పటికే ఎంపీపీటీ కంట్రోలర్లు బిగించినవాళ్లు వాటిని పారేయనక్కర్లేదు. ప్లస్, మైనస్ వైర్లను ఎడంగా కాకుండా జడ అల్లినట్టు మెలిపెట్టి దించాలి. కంట్రోలర్‌కు ప్యానెల్ వైపు ఒకటి, బ్యాటరీ వైపు ఒకటి ఫెర్రైట్ రింగులు (రొదను అడ్డుకునే అయస్కాంత పదార్థపు రింగులు) పెట్టి, రెండు వైర్లనూ కలిపి ఒకే రింగు మీద పది పన్నెండు చుట్లు చుట్టాలి. ఈ పనికి 31 రకం ఫెర్రైట్ బాగుంటుంది. రెండున్నర అంగుళాల రింగు మీద 4 చదరపు మిల్లీమీటర్ల వైరు ఓపిగ్గా చుడితే పడుతుంది. వైరుకు క్లిప్పులా తగిలించే చిన్న ఫెర్రైట్ ముక్క 7 మెగాహెర్ట్జ్ దగ్గర పెద్దగా పనిచేయదు, ఎందుకంటే ఫెర్రైట్ అడ్డుకునే శక్తి చుట్ల సంఖ్య వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఒక చుట్టుతో వచ్చేదానికి పది చుట్లతో సుమారు వంద రెట్లు వస్తుంది. మా ఇంట్లో వైర్లు మెలిపెట్టి, రింగులు చుట్టాక ముల్లు 8 నుంచి 4కు దిగింది. తరవాత సాదా కంట్రోలర్‌కు మారాక, దుప్పటి కప్పినప్పుడు ఎంత ఉండేదో అంతకు, అంటే 2కు వచ్చి ఆగింది. ఇవేవీ వీలుకాని చోట, డీసీ కరెంటుకు పనికొచ్చే స్విచ్చి ఒకటి ప్యానెల్ వైరు మీద పెట్టి, వినవలసిన వేళ ప్యానెల్‌ను ఆపేసి బ్యాటరీ మీద నడపడం కూడా మంచి పద్ధతే. వంద వాట్ల సెట్టు వినేటప్పుడు తీసుకునేది ఒక ఆంపియరు చుట్టుపక్కల, మాట్లాడేటప్పుడు మాత్రం 20 ఆంపియర్ల దాకా వెళ్తుంది. వంద ఆంపియర్ అవర్ బ్యాటరీ ఉంటే మధ్యాహ్నం రెండు మూడు గంటలు ప్యానెల్ లేకుండా హాయిగా గడుస్తుంది.

హామ్ రేడియో సెట్టు లేనివాళ్లు కూడా తమ ఇంటి సోలార్ సంగతి తెలుసుకోవచ్చు. పాత ట్రాన్సిస్టర్ రేడియోలో మీడియం వేవ్ మీద ఆకాశవాణి విజయవాడ కేంద్రాన్ని, అంటే 837 కిలోహెర్ట్జ్‌ను పెట్టి, మిట్టమధ్యాహ్నం కంట్రోలర్ దగ్గరికీ ప్యానెల్ వైరు దగ్గరికీ తీసుకువెళ్లి చూడండి. మీటరు దూరం నుంచే కేంద్రం వినిపించకుండా పోతే అది రొద చేసే కంట్రోలర్. వాతావరణ హెచ్చరికలు వినడానికి ఇప్పటికీ చిన్న రేడియో మీద ఆధారపడే మత్స్యకారుల ఇళ్లలో, పడవల మీద సోలార్ దీపాలు పెట్టుకున్నవాళ్లకు ఈ పరీక్ష ఉపయోగపడుతుంది.

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం లక్ష్యం కోటి ఇళ్లు. ఇంటి పైకప్పు మీద సోలార్ రావడాన్ని మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాను. అయితే ప్యానెల్ కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే ఇన్వర్టర్లు కూడా ఇదే విధంగా కరెంటును తెంపి కలుపుతాయి కాబట్టి, ఒక వీధిలో ఒకరి రొద పది మంది రేడియోలకు పాకుతుంది. రేడియో జోక్యానికి హద్దులు నిర్ణయించే సిస్పర్ అనే అంతర్జాతీయ సమితి 1934 నుంచి పనిచేస్తోంది. గ్రిడ్‌కు కలిసే సోలార్ ఇన్వర్టర్ల ప్యానెల్ వైపు వైర్ల మీద వచ్చే రొదకు కూడా దాని ప్రమాణాల్లో పరిమితులు ఉన్నాయి. షాక్ కొట్టకుండా, నిప్పంటుకోకుండా చూసే భద్రతా పరీక్షలకు మనం ఇచ్చే ప్రాధాన్యం ఈ పరిమితులకూ ఇవ్వాలి. ముఖ్యంగా బజారులో పెట్టె మీద తయారీదారు పేరు కూడా సరిగ్గా లేకుండా అమ్ముడుపోతున్న చిన్న కంట్రోలర్లను ఈ పరిధిలోకి తేవాలని కేంద్ర నూతన, పునరుత్పాదక ఇంధన శాఖనూ, భారతీయ ప్రమాణాల సంస్థనూ కోరుతున్నాను. ఇన్వర్టర్ బిగించే పనివాళ్లు రెండు వైర్లనూ దగ్గరగా కలిపి దించితే చాలు, సగం బాధ అక్కడే తీరుతుంది. దానికి అదనంగా ఒక్క రూపాయి ఖర్చు కాదు. పక్కింటి ఇన్వర్టర్ నుంచి రొద వస్తోందని ఎవరైనా చెబితే, ఆ ఇంటివారు దాన్ని తప్పు పట్టడంగా తీసుకోకుండా రింగు చుట్టించుకోవడానికి ఒప్పుకుంటే ఫిర్యాదు దాకా వెళ్లనక్కర్లేదు. అప్పటికీ తీరని వాటిని కొలిచి చూడటానికి టెలికమ్యూనికేషన్ల శాఖ కింద వైర్‌లెస్ మానిటరింగ్ ఆర్గనైజేషన్ ఉంది.

విపత్తుల నిర్వహణకు సోలార్ పరికరాలు కొనే జిల్లా అధికారులకు నా మనవి ఒక్కటే. టెండరు పత్రంలో వాట్లు, ఆంపియర్లు, వారంటీ రాసే చోట ఇంకొక వాక్యం చేర్చండి. సరఫరాదారు తెచ్చిన ప్యానెల్, కంట్రోలర్, బ్యాటరీలను ఎండలో పెట్టి, సగం ఖాళీ అయిన బ్యాటరీని చార్జ్ చేస్తూ ఉండగా, అదే బ్యాటరీ మీద నడిచే సెట్టుతో 3.5, 7, 14 మెగాహెర్ట్జ్ బ్యాండ్లను విని చూడాలి. ప్యానెల్‌ను విడదీసినప్పుడు ఉన్నదానికీ, కలిపినప్పుడు ఉన్నదానికీ మధ్య మీటరులో ఒక్క అంకెకు మించి తేడా ఉంటే ఆ పరికరాన్ని తిప్పి పంపాలి. దీనికి ప్రయోగశాల అక్కర్లేదు, అరగంట సమయం చాలు. కోనసీమ, కాకినాడ, పశ్చిమ గోదావరి జిల్లాల్లో ఎక్కడ ఈ పరీక్ష పెట్టినా, నా సెట్టూ ఏరియలూ తీసుకుని నా సొంత ఖర్చుతో రావడానికి సిద్ధంగా ఉన్నాను. ఈశాన్య రుతుపవనాల కాలం మొదలయ్యేలోగా, అంటే అక్టోబరుకు ముందే ఈ పరీక్షలు పూర్తయితే బాగుంటుంది.

ఇట్లు,
ఒక అమెచ్యూర్ రేడియో లైసెన్సుదారు,
అమలాపురం దగ్గర, కోనసీమ