క్లిప్పులు తీసేశాక సంగతి ఎవరూ చెప్పరేం?

సంపాదకులకు నమస్కారం.

నాకు 38 ఏళ్ళు. తెనాలి దగ్గర ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మొన్న జూన్‌లో బడి తెరిచిన రోజు నోట్లో మెటల్ క్లిప్పులతో క్లాసుకి వెళ్తే, మొదటి బెంచీ అమ్మాయి ఒకతి "టీచర్, మీక్కూడానా?" అంది. దాని నోట్లోనూ అవే. దానికి మొదటిసారి, నాకు రెండోసారి.

మొదటిసారి 2001లో, తొమ్మిదో తరగతిలో ఉండగా. ఎత్తుపళ్ళు. నాలుగు పళ్ళు పీకి, రెండేళ్ళు తీగలు బిగించారు. మా నాన్న 15 వేలు కట్టారు, అప్పట్లో అది ఆయన మూడు నెలల జీతం. తీగలు విప్పిన రోజు డాక్టరుగారు సరిచేసిన పళ్ళు మళ్ళీ కదలకుండా నోట్లో పెట్టుకునే గులాబీ రంగు ప్లేటు (రిటైనర్) ఒకటి చేతిలో పెట్టి "రోజూ పెట్టుకోమ్మా" అన్నారు, అంతే. ఎన్నాళ్ళు పెట్టుకోవాలి, మానేస్తే ఏమవుతుంది, విరిగితే ఎవరి దగ్గరికి రావాలి, ఇవేవీ ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆర్నెల్లకి పెదనాన్న కూతురి పెళ్ళిలో భోజనానికి కూర్చుంటూ దాన్ని తీసి కాగితంలో చుట్టి ఆకు పక్కన పెట్టాను. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి బంతి ఎత్తేశారు. ఎంగిలాకుల కుప్పలో వెతకాలంటే సిగ్గు, అమ్మకి చెబితే తిట్లు. పళ్ళు ముత్యాల్లా ఉన్నాయి కదా, ఇంకా ప్లేటెందుకులే అని ఊరుకున్నాను.

కదిలింది ఒక్కరోజులో కాదు కాబట్టి నాకే తెలీలేదు. ముప్పై దాటాక చూసుకుంటే కింది ముందుపళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. బ్రష్ సందులోకి పోదు, గార పేరుకుంటుంది, చిగుళ్ళ నుంచి రక్తం. అందం కోసం కాదు అని అందరికీ చెప్పుకున్నాను కానీ అద్దంలో చూసుకుని బాధపడిన మాట కూడా నిజమే. మా ఆయన మాత్రం "ఇప్పుడెందుకు, మళ్ళీ పెళ్ళిచూపులా" అని ఒక జోకు వేశారు.

జ్ఞానదంతం నెట్టేసిందని ఊళ్ళో ప్రతివాళ్ళూ అన్నారు. ఇప్పుడు చూస్తున్న డాక్టరమ్మ మాత్రం అది సగం అపోహ అంది. పన్ను ఎముకలో మేకులా దిగి ఉండదట, చుట్టూ సన్నటి పీచులు పట్టుకుని ఉంటాయి. పన్నుని జరిపినప్పుడు చిగుళ్ళలోని ఆ పీచులు సాగి, మళ్ళీ పాత చోటికే లాగుతాయి. అవి కొత్త చోట కుదురుకోవడానికి ఏడాది దాకా కూడా పట్టొచ్చు. పైగా వయసు వచ్చేకొద్దీ కింది ముందుపళ్ళు ఇరుకవడం అసలు క్లిప్పులే వేసుకోని వాళ్ళకీ జరుగుతుంది. అందుకే రాత్రిపూట ప్లేటు అంటే కళ్ళజోడు లాగా, పళ్ళు ఉన్నన్నాళ్ళూ.

ఈసారి పని కూడా పెద్దదే. ముందు చిగుళ్ళకి వైద్యం, ఎముక ఎంత మిగిలిందో ఎక్స్‌రే, ఆ తర్వాతే తీగలు. పీకడానికి ఇంకా పళ్ళు లేవు కాబట్టి పక్కలు వెంట్రుకవాసి అరగదీసి చోటు చేశారు. తీగని క్లిప్పులకి పట్టి ఉంచే రబ్బర్లు కనబడకుండా ఉంటాయని తెల్లవి అడిగి వేయించుకున్నాను, నాలుగు రోజుల పప్పన్నానికి పసుపుకొమ్ముల్లా అయ్యాయి! జంతికలు, చెరుకు బంద్. ఖర్చు 55 వేలు, నా ఆరోగ్య బీమాలో పళ్ళకి పైసా రాదు. చివర్లో పెట్టే ప్లేటుకి వేరే బిల్లు అని కూడా మధ్యలో ఎప్పుడో తెలిసింది.

మీ పేపర్లో పళ్ళ ఆసుపత్రుల ప్రకటనలు వారం వారం చూస్తుంటాను. క్లిప్పులు, కనబడని అలైనర్లు (తీగలకి బదులు పళ్ళకి తొడిగే పారదర్శకమైన తొడుగులు), వాయిదాల్లో కట్టుకోవచ్చు అని అన్నీ రాస్తారు. అలైనర్లయినా సరే, తర్వాత ప్లేటు తప్పదన్న ముక్క మాత్రం నాకింతవరకూ కనబడలేదు. డాక్టర్లందరినీ తప్పుపట్టడం లేదు, బీడీఎస్ మీద మూడేళ్ళు ఎండీఎస్ చదివి ఈ పని చేసేవాళ్ళకి ఇది తెలియని సంగతి కాదు. కానీ పద్నాలుగేళ్ళ పిల్లకి నోటిమాటగా చెప్పి పంపిస్తే ఎలా? తెలుగులో ఒక్క కాగితం ఇవ్వండి. ప్లేటు ఎన్నేళ్ళు, పోతే కొత్తది ఎంత, ఎన్నాళ్ళకోసారి వచ్చి చూపించుకోవాలి, అన్నీ అందులో రాసి తల్లిదండ్రుల చేత సంతకం పెట్టించుకోండి. ప్లేటు ఖరీదు మొదటి రోజే మొత్తంలో కలిపి చెప్పండి. మీ ఆరోగ్యం పేజీలో కూడా ఒకసారి ఎవరైనా ఆర్థోడాంటిస్ట్ (పళ్ళ వరస సరిచేసే డాక్టరు) చేత దీని గురించి రాయించండి.

మా మొదటి బెంచీ అమ్మాయికి వచ్చే వేసవిలో తీగలు విప్పుతారట. ప్లేటు పెట్టుకోవడానికి మూతున్న డబ్బా ఒకటి కొనుక్కోమని వాళ్ళమ్మకి ఇప్పుడే చెప్పాను.

ఇట్లు,
ఒక లెక్కల టీచర్,
తెనాలి