గుంటల లెక్కలో రోడ్డు ఎక్కడిది?

సంపాదకులకు,

పోయిన ఆదివారం అనుబంధంలో పేజీ నిండా వచ్చిన ఫామ్ ల్యాండ్ ప్రకటన గురించి ఈ లేఖ. 5 గుంటల ముక్కలు, 30 అడుగుల రోడ్లు, శ్రీగంధం మొక్కలు ఉచితం, చెరువులో చేపలు, రాత్రిపూట వేట, స్పాట్ రిజిస్ట్రేషన్, పైగా రైతుభరోసా కూడా మీకేనట. ఇన్ని రాసినవాళ్లు లేఅవుట్ నంబరు రాయలేదు, రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబరు రాయలేదు. మీరూ అడగలేదు. ఆ మర్నాడే ఇలాంటి ప్లాట్లు కొని మోసపోయినవాళ్లు కలెక్టరేట్ మెట్ల మీద కూర్చున్న ఫొటో మీ జిల్లా పేజీలోనే వేశారు.

లెక్క చూడండి. గుంట అంటే 33 అడుగులకు 33 అడుగులు, 121 గజాలు. ఎకరానికి 40 గుంటలు, 4,840 గజాలు. 5 గుంటల చొప్పున కోస్తే ఎకరానికి సరిగ్గా 8 ముక్కలు, ఒక్క గజం మిగలదు. మరి బ్రోచర్‌లో గీసిన ఆ 30 అడుగుల రోడ్డు ఎవరి భూమిలో ఉంది? కొన్నవాళ్ల ముక్కల్లోంచే తీశారనుకుంటే, పాస్‌బుక్‌లో 5 గుంటలు ఉంటుంది గానీ టేపు పెడితే నాలుగు గుంటల చిల్లరే తేలుతుంది. అలా కాకపోతే రోడ్డు కింద భూమి అమ్మిన పట్టాదారు పేరు మీదే ఉండిపోతుంది. ఇది మరీ ప్రమాదం. అనుమతి ఉన్న లేఅవుట్‌లో రోడ్లనూ, 10 శాతం ఖాళీ స్థలాన్నీ పంచాయతీకి గిఫ్ట్ డీడ్ చేయించాలి. ఫామ్ ప్లాట్లలో ఆ ఊసే ఉండదు. రేపు పట్టాదారు చనిపోతే ఆ రోడ్డు భూమి కూడా వారసుల పేరిట విరాసత్ అవుతుంది. వాళ్లు దాన్ని అమ్ముకున్నా, బ్యాంకులో తాకట్టు పెట్టినా, కడీలు పాతి తీగ లాగినా, ఇది మా దారి అని చూపించడానికి కొన్నవాళ్ల చేతిలో కాగితం ఉండదు.

20 గుంటలకు తక్కువ ఫామ్ ప్లాట్లు రిజిస్టర్ చేయొద్దని పట్టణ ప్రణాళిక శాఖ చెప్పింది. వ్యాపారులు దానికీ ఉపాయం కనిపెట్టారు. ముఖపరిచయం కూడా లేని నలుగురిని చేర్చి 20 గుంటలకు ఒకే దస్తావేజు రాయిస్తున్నారు. అందులో ఎవరి వాటా ఎక్కడుందో, హద్దులేమిటో రాయరు, అవిభాజ్య వాటా అంటారు. ఒకరికి అవసరం వచ్చి అమ్ముదామంటే కొనేవాడు మిగతా ముగ్గురి సంతకాలూ తెమ్మంటాడు. అందులో ఒకరు అమెరికాలో, ఒకరు కోర్టులో ఉంటారు.

2020లో భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చినప్పటి నుంచి వ్యవసాయ భూమి రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ (పేరు మార్పిడి) రెండూ తహసీల్దారు చేతిలోనే ఉన్నాయి. ఒకే సర్వే నంబరు వారంలో పది ముక్కలవుతుంటే ఆ కార్యాలయానికి కనిపించదా? స్టాంపు డ్యూటీ కట్టించుకునేది ప్రభుత్వమే, ఆ తర్వాత అక్రమ లేఅవుట్ అని హద్దురాళ్లు పీకించేదీ ప్రభుత్వమే. ధరణి స్థానంలో 2025 ఏప్రిల్‌లో మొదలైన భూభారతిలో దస్తావేజుకు సర్వే పటం జతచేసే ఏర్పాటు ఉంది. దాన్ని ముందుగా ఈ గుంటల వ్యాపారం ముదిరిన మండలాల్లో అమలు చేయండి. పటం జతచేస్తే లేని రోడ్డు ఆ రోజే బయటపడుతుంది.

ప్రకటనలోని ఆశల సంగతీ చెప్పాలి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం సొంత పొలంలోనైనా సరే కుందేలును, కౌజును కొట్టడం నేరం. పంట పాడుచేసే అడవిపందిని కాల్చాలన్నా అధికారి అనుమతి కావాలి. వేట పేరుతో భూమి అమ్మడమంటే జైలుకు దారి చూపించడమే. శ్రీగంధం పరాన్నజీవి, పక్కన కందో సరుగుడో ఉంటే దాని వేళ్ల నుంచి లాక్కుని బతుకుతుంది. మొక్క ఒక్కటే నాటి డ్రిప్ పెట్టి వెళ్లిపోతే నిలవదు. ఎర్రచందనం రాళ్లతో నిండిన ఎర్రనేల చెట్టు, నీళ్లు నిలిచే నల్లరేగడిలో దానికి చేవ పట్టదు. పట్టినా కొట్టాలంటే అటవీ శాఖ అనుమతి, తరలించాలంటే రవాణా పర్మిట్ ఉండాలి. బోరుకు వాల్టా (నీరు, భూమి, చెట్ల రక్షణ చట్టం) అనుమతి కావాలి. పొలం మోటారు కనెక్షన్ నుంచి ఫామ్‌హౌస్ ఏసీకి తీగ లాగితే విద్యుత్ చట్టం 126 సెక్షన్ కింద జరిమానా పడుతుంది.

కొనక తప్పదనుకున్నవాళ్లు ఆన్‌లైన్ పాస్‌బుక్ ఒక్కటే చూసి బయానా ఇవ్వొద్దు. 1954-55 ఖాస్రా పహాణీ (ఎవరి భూమి ఎవరి సాగులో ఉందో రాసిన పాత రికార్డు) తీయించండి. 30 ఏళ్ల ఈసీ (అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం) తీయించండి. పాత పహాణీల్లో లావుణి (ప్రభుత్వం పేదలకిచ్చిన భూమి), ఇనాం, భూదాన్, శిఖం (చెరువు లోపలి భూమి) అన్న మాట గానీ, రక్షిత కౌలుదారు పేరు గానీ కనిపిస్తే అక్కడితో ఆగిపోండి. లావుణి భూమి ఎన్ని చేతులు మారినా 1977 అసైన్డ్ భూముల చట్టం కింద ప్రభుత్వానికి వెనక్కి పోతుంది. 22-ఏ రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితాలో సర్వే నంబరును బై నంబరుతో సహా వెతకండి. 'లేక్ వ్యూ' అన్నారంటే నీటిపారుదల శాఖ దగ్గర ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు చేరే హద్దు) పటం అడగండి. 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, చిన్న కుంటకు 9 మీటర్లు ఖాళీగా వదలాల్సిన బఫర్. ఎండాకాలంలో చూపించిన మెట్ట చాలాచోట్ల ఆశ్వయుజానికి మడుగవుతుంది. అన్నిటికంటే ముందు టిప్పన్ (సర్వే నంబరు కొలతల పటం), గ్రామ నక్షా (ఊరి పటం) పట్టుకుని సర్వేయరుతో పొలం మీదికి వెళ్లండి, ఏజెంటు కారులో కాదు.

ఆ నక్షాలోనే చుక్కల గీతలతో బండ్ల బాట ఉంటుంది. ఈ వెంచర్లు మొదట మింగేది దాన్నే. బాట మీద కమాను కట్టి ఇనుప గేటు పెట్టి కాపలా మనిషిని కూర్చోబెడతారు. వెనకాల పొలాలున్న రైతు వరికోత మిషన్ తీసుకెళ్లాలంటే వాడి అనుమతి అడగాలి. చెరువులోకి నీళ్లు తెచ్చే పాటు కాలువను మొరం పోసి పూడ్చితే కింద ఆయకట్టు ఎండుతుంది. భూమి ముక్కలైన రోజే కౌలు రైతు బయటికి పోతాడు, అతని పేరు ఏ కాగితంలోనూ ఉండదు.

500 చదరపు మీటర్లు దాటినా, 8 ఫ్లాట్లు దాటినా రెరా నంబరు లేకుండా ప్రకటన ఇవ్వకూడదన్నది 2016 చట్టం. వ్యవసాయ భూమి కాబట్టి మాకు వర్తించదని వ్యాపారి అంటాడు. రోడ్లు, క్లబ్‌హౌస్, ప్లాటు నంబర్లు వేసి అమ్మేది వ్యవసాయ భూమి ఎలా అవుతుందో మీ ప్రకటనల విభాగమైనా అడగాలి. నంబరు లేని ప్రకటన తీసుకోబోమని మీ పత్రిక ఈ పేజీలోనే రాయాలి. నక్షా బాట మీద పెట్టిన గేట్లను ఎప్పటిలోగా తీయిస్తారో మా మండల తహసీల్దారు తేదీతో సహా చెప్పాలి.

— ఒక పాఠకుడు, వికారాబాద్ జిల్లా