పవర్ మ్యాక్‌లో లినక్స్ వేయించుకున్న పాపానికి: మీ సహాయ విభాగంపై ఫిర్యాదు

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,
హైదరాబాదు.

విషయం: పవర్‌పీసీ ప్రాసెసరు ఉన్న పాత ఆపిల్ కంప్యూటరులో లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఇన్‌స్టాలేషన్ నిమిత్తం రుసుము తీసుకుని, ఆపైన సమాధానం చెప్పకుండా తిప్పించుకోవడం గురించి.

ఆర్యా,

మీ సంస్థలో సొమ్ము తీసుకుని రసీదు ఇచ్చేవారు ఉన్నారు, ఫోను ఎత్తేవారు ఉన్నారు, ఫోను పెట్టేసిన మరుక్షణం "మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు" అని సందేశం పంపే ఏర్పాటు కూడా ఉంది. అడిగినదానికి సమాధానం చెప్పే మనిషి మాత్రం లేరు. ఆ కుర్చీలో ఎవరినైనా కూర్చోబెడతారేమోనని ఇన్నాళ్లూ చూసి, ఇక లాభం లేదని నేరుగా మీకే రాస్తున్నాను.

మా ముద్రణాలయంలోని పవర్ మ్యాక్ జీ4 కంప్యూటరును 2008లో మీ దగ్గరే పాత సరుకుగా కొన్నాను. పవర్‌పీసీని వదిలి ఇంటెల్‌కు మారుతున్నట్టు ఆపిల్ 2005 జూన్‌లోనే ప్రకటించిన సంగతి తెలిసే కొన్నాను కనుక ఆ కొనుగోలు మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. 2007 నాటి లెపర్డ్ తర్వాత ఈ తరం యంత్రాలకు కొత్త మ్యాక్ ఓఎస్ రాలేదు. అందువల్ల యంత్రం దిట్టంగానే ఉన్నా దానిమీద నడిచే సాఫ్ట్‌వేర్ పాతబడిపోయింది. సరిగ్గా అటువంటి సమయంలో, పాత కంప్యూటర్లలో లినక్స్ వేసి ఇస్తామన్న మీ ప్రకటన నా కంటపడింది. అందులో "ఇంటెల్, పవర్‌పీసీ రెండింటికీ" అని మీరే అచ్చు వేయించారు. రుసుము ముందుగా కట్టించుకున్నారు, ఆ బరువైన పెట్టెను నా ఖర్చుతో హైదరాబాదుకు తెప్పించుకున్నారు, "పని పూర్తయింది, పరీక్షించడమైనది" అన్న చీటీ అంటించి తిరిగి పంపారు.

బటన్ నొక్కితే బూడిదరంగు తెర మధ్యలో ఫోల్డరు బొమ్మ, దానిమీద ప్రశ్నార్థకం వెలిగి ఆరుతూ ఉంది. ఆప్షన్ కీ పట్టుకుని ఆన్ చేస్తే, బూట్ కాగల, అంటే యంత్రాన్ని ప్రారంభించగల, డిస్కులు కనబడవలసిన చోట రెండు బాణం గుర్తులు తప్ప మరేమీ లేవు. యంత్రం గురించి నేను చెప్పవలసినది ఇంతటితో సరి. పాత సరుకుతో వేగేవాణ్ణి, ఇటువంటివాటికి కోపం తెచ్చుకునే అలవాటు నాకు లేదు. ఈ ఉత్తరం ఆ తర్వాత జరిగినదాని గురించి.

మొదట ఫోను ఎత్తిన అమ్మాయి ఎంతో మర్యాదగా ఎఫ్12 నొక్కి బయోస్‌లోకి, అంటే పీసీ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రాములోకి, వెళ్లమంది. ఈ యంత్రంలో బయోస్ ఉండదని, దాని బదులు ఉండేది ఓపెన్ ఫర్మ్‌వేర్ అని, అందులోకి వెళ్లాలంటే ఆన్ చేస్తూ కమాండ్, ఆప్షన్, ఓ, ఎఫ్ అనే నాలుగు కీలను కలిపి పట్టుకోవాలని నేనే ఆమెకు చెప్పాను. కాసేపు అవతల టైపు చేస్తున్న చప్పుడు వినబడింది. "సరే సార్, అయితే డిలీట్ కీ నొక్కి చూడండి" అంది. నొక్కాననే చెప్పాను, ఎందుకంటే అప్పటికే వాదించే ఓపిక పోయింది. చివరగా, కీబోర్డు మీద విండోస్ గుర్తు ఉన్న కీ ఎక్కడుందో చూడమని కోరి, లేదని చెబితే "కీబోర్డు డిఫెక్ట్" అని రాసుకుని ఫిర్యాదును ముగించింది. సాయంత్రానికల్లా నా సమస్య పరిష్కారమైనట్టు సందేశం వచ్చింది, నక్షత్రాలు అడుగుతూ.

మళ్లీ కొత్త ఫిర్యాదు, మళ్లీ కథంతా మొదటినుంచి. ఈసారి ఫోనులోకి వచ్చిన యువకుడు తానే నా కంప్యూటరులోకి వచ్చి సరిచేస్తానని, అందుకు ఒక రిమోట్ సాఫ్ట్‌వేర్‌ను అదే కంప్యూటరులో వేసుకుని, తెరమీద కనబడే నంబరు చెప్పమని అడిగాడు. బాబూ, బూటే కాని యంత్రంలో నేను దేన్నయినా ఎలా వేయగలనని అడిగితే, "వైఫైకి కలిపితే అదే అప్‌డేట్ అయిపోతుంది సార్" అన్నాడు. ఆపరేటింగ్ సిస్టమే ఎక్కని పెట్టె వైఫైని ఎలా అందుకుంటుందో ఆయనకే తెలియాలి. పైగా ఈ మ్యాక్‌లలోని ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ట్రీమ్ అనే వైఫై కార్డులలో ఉండేది బ్రాడ్‌కామ్ చిప్పు. లినక్స్ చక్కగా ఎక్కిన తర్వాత కూడా దాన్ని నడిపే ఫర్మ్‌వేర్ ఫైలును విడిగా తెచ్చి వేస్తే తప్ప అది పలకదు. పవర్‌పీసీలో లినక్స్ వేస్తామని ప్రకటన ఇచ్చిన సంస్థకు ఈ విషయాన్ని వినియోగదారుడు చెప్పవలసి రావడం ఏమి మర్యాదో మీరే ఆలోచించండి.

మూడవ అధ్యాయం ఈమెయిల్‌లో నడిచింది. "మీరే వేసుకోండి" అంటూ ఒక లింకు పంపారు. తెరిచి చూస్తే అది ఏఎమ్‌డీ64 ఇమేజ్, అంటే మామూలు ఇంటెల్ తరహా పీసీలకు పనికొచ్చే ఇన్‌స్టాలేషన్ ఫైలు. ఆ సంగతి రాస్తే, తమ పొరపాటును దిద్దుకున్నట్టుగా పీపీసీ64ఈఎల్ ఇమేజ్ పంపారు. అది ఐబీఎం పవర్8, ఆపై వచ్చిన సర్వర్ల కోసం చేసిన లిటిల్ ఎండియన్ రూపమని, నాది 32 బిట్ల బిగ్ ఎండియన్ యంత్రమని, అంటే అంకెల బైట్లను దానికి తలకిందుల వరుసలో పేర్చేదని, ఈ రెండింటికీ పొత్తు కుదరదని వివరంగా రాశాను. వచ్చిన జవాబును ఉన్నదున్నట్టుగా దించుతున్నాను: "పేరులో పీపీసీ ఉంది కదా సార్." పేరులో రామచంద్రుడు ఉన్నంత మాత్రాన అయోధ్య తాళాలు ఇవ్వరని రాద్దామనుకుని, పెద్దరికానికి తగదని మానుకున్నాను.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. మీ వర్క్‌షాపులోని ఒక కుర్రవాడు, పేరు చెబితే అతని ఉద్యోగానికే చేటని చెప్పడం లేదు, తన సొంత ఫోను నుంచి నాకు ఫోను చేసి అసలు విషయం బయటపెట్టాడు. మామూలు పీసీకి చేసినట్టే నా డిస్కును విభజించారట. డిస్కు విభజనను ఆపిల్ పద్ధతిలో చూపే ఆపిల్ పార్టిషన్ మ్యాప్ లేదు, ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎక్కించే బూట్ లోడరు ఉండవలసిన చిన్న బూట్‌స్ట్రాప్ పార్టిషన్ అసలే లేదు. ఓపెన్ ఫర్మ్‌వేర్ వెతికే చోట ఏదీ లేకపోతే అది ప్రశ్నార్థకం చూపక ఏం చేస్తుంది? డిస్కును మళ్లీ విభజించి పని మొదటినుంచి చేస్తే చాలని, తానే చేసి పెడతానని కూడా అన్నాడు. ఆ మాటే మీ సహాయ విభాగానికి రాసి, పని అతనికే అప్పగించమని కోరాను. అటు తర్వాత ఆ కుర్రవాడి ఫోను మోగుతూనే ఉంది గానీ ఎత్తేవారు లేరు. అతన్ని మందలించి ఉంటే, మందలించవలసిన మనుషులను వదిలేసి మంచివాణ్ణి మందలించే మీ పద్ధతికి అదొక నిదర్శనం అవుతుంది.

ఆపై పర్యవేక్షకుడి వంతు. ఆయన నన్ను చాలాసేపు సంగీతం వినిపిస్తూ నిలబెట్టి, "లినక్స్ ఉచితం కదండీ, ఉచితంగా వచ్చేదానికి గ్యారంటీ ఎలా ఇస్తాం" అన్నారు. నేను మీకు చెల్లించినది లినక్స్ ఖరీదు కాదు, మీ మనిషి కూర్చుని చేయవలసిన పనికి కూలి అని చెబితే స్వరం మార్చి, ఈ యంత్రాలకు అధికారిక మద్దతు ఏనాడో ఆగిపోయిందని నాకు పాఠం చెప్పారు. ఆ పాఠం నాకు తెలుసు. లినక్స్ రకాలలో ఒకటైన డెబియన్‌లో 2015 నాటి 8వ వెర్షనే ఈ 32 బిట్ల పవర్‌పీసీకి ఆఖరి అధికారిక విడుదల, 2017 నాటి 9వ వెర్షన్‌లో దాన్ని తీసేశారు. మరో రకమైన ఉబుంటు కూడా 16.10 వెర్షన్ దాటాక మానుకుంది. అయినా డెబియన్ పోర్ట్స్ అనే అనధికారిక విభాగంలో ఔత్సాహికులు జీతం భత్యం లేకుండా ఆ పనిని ఈనాటికీ సాగిస్తున్నారు, జెంటూ అనే ఇంకో లినక్స్ వారూ వదల్లేదు. మద్దతు ఆగిపోయిందన్న జ్ఞానం నా డబ్బు తీసుకునే రోజున మీ పర్యవేక్షకుడికి ఎందుకు కలగలేదు? ప్రకటనలో పవర్‌పీసీ అన్న మాట వేయించినది ఎవరు? ఇవి రెండూ నేను రాతపూర్వకంగా అడిగాను. సమాధానంగా పాత కంప్యూటరు ఇచ్చి కొత్త ల్యాప్‌టాప్ తీసుకునే మారకపు పథకం కరపత్రం వచ్చింది.

మీ దుకాణం ఒకే షట్టరుతో ఉన్న రోజుల నుంచి మీ ఖాతాదారుణ్ణి. మా ఊళ్లోని పాఠశాల ల్యాబుకు, ఇద్దరు ముగ్గురు డీటీపీ మిత్రులకు కంప్యూటర్లు కావలసివస్తే మరో ఆలోచన లేకుండా మీ చిరునామా ఇచ్చినవాణ్ణి. అప్పట్లో కౌంటరులో మీరే కూర్చునేవారు. కొన్న ప్రింటరు సతాయిస్తే ఎదుటివాడి మాట పూర్తిగా విని, "వదిలి వెళ్లండి, రేపు చూస్తాను" అనేవారు, చూసేవారు కూడా. ఇప్పుడు మిమ్మల్ని చేరడానికి భాష ఎంచుకోవాలి, అంకె నొక్కాలి, మళ్లీ అంకె నొక్కాలి, ఆ తర్వాత పవర్‌పీసీ అంటే పవర్ సప్లై అనుకునే మనిషికి నా గోడు వెళ్లబోసుకోవాలి. వ్యాపారం పెరగడం తప్పు కాదు. పెరిగినకొద్దీ పాత ఖాతాదారు ఒక ఫిర్యాదు సంఖ్యగా మిగలడమే నాకు మింగుడుపడటం లేదు.

నేను కోరేదేమిటని మీ వారు ఎవరూ అడగలేదు కనుక ఇక్కడ చెబుతున్నాను. పని తెలిసిన మనిషి, ముఖ్యంగా పైన చెప్పిన కుర్రవాడే, ఆ పనిని సరిగా చేసి ఇవ్వాలి. అది చేతకాకపోతే రుసుముతో పాటు రానూపోనూ రవాణా ఖర్చు తిరిగి ఇవ్వాలి. రెండింటిలో ఏది చేసినా, ఇంతవరకు జవాబు ఎందుకు ఇవ్వలేదో మీ సంతకంతో ఒక ఉత్తరం రావాలి. నిజం చెప్పాలంటే డబ్బు కంటే ఆ ఉత్తరమే నాకు ముఖ్యం.

అది కూడా రాకపోతే, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఊరుకుంటానని అనుకోవద్దు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను నివసించే జిల్లా కమిషన్‌లోనే మీ మీద ఫిర్యాదు వేయవచ్చు, హైదరాబాదు దాకా రానక్కర్లేదు. ఐదు లక్షల లోపు వ్యవహారానికి రుసుము కూడా లేదు. ఎఫ్12 నొక్కమన్న ఫోను సంభాషణ మీరే నాణ్యత కోసం రికార్డు చేస్తున్నామన్నారు గనుక దాన్ని కమిషన్ ముందు వినిపించమని అడుగుతాను. పీపీసీ64ఈఎల్ ఈమెయిల్ నా దగ్గర భద్రంగా ఉంది. "పరీక్షించడమైనది" అన్న చీటీని యంత్రం నుంచి ఊడదీయలేదు, ఫొటో కూడా తీసి పెట్టాను.

ఈ ఉత్తరానికి పదిహేను రోజులలోగా మీ నుంచి రాతపూర్వకమైన సమాధానం అందాలి. దయచేసి సహాయ విభాగం చేత ఫోను చేయించకండి.

ఇట్లు,
మీ పాత ఖాతాదారు,
రాజమహేంద్రవరం.

జతపరచినవి: 2008 నాటి కొనుగోలు రసీదు నకలు, లినక్స్ ఇన్‌స్టాలేషన్ రుసుము రసీదు నకలు, మీ ప్రకటన, ఈమెయిళ్ల ప్రతులు, చీటీ ఫొటో.