‘ముంచెత్తు’ అనే మాట గురించి

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం మీ జిల్లా పేజీ చూడగానే రాద్దామనుకున్నాను, ఇంటి పనులతో ఇవాళ్టికి కుదిరింది. ‘నాయకుణ్ణి పూలతో ముంచెత్తిన కార్యకర్తలు’ అని పైన పెద్ద అక్షరాలతో వేశారు. దాని కిందే బుడమేరు వాగు కట్టల పనుల గురించి నాలుగు లైన్ల వార్త. మాది విజయవాడ సింగ్ నగర్ అండీ. 2024 సెప్టెంబరు 1న మమ్మల్ని ముంచెత్తింది ఆ బుడమేరే. పొద్దున మోకాళ్ల దాకా ఉన్న నీళ్లు మధ్యాహ్నానికి కిటికీలు అందుకున్నాయి, మా అత్తగారిని మేడ మీదికి మోసుకెళ్లాం, కింద బియ్యం, పరుపులు, పిల్ల సర్టిఫికెట్లు అన్నీ నానిపోయాయి. ఆ మాటలో ముంచడమూ ఉంది, ఎత్తడమూ ఉంది. ఆ రోజు మమ్మల్ని ఎత్తి పడవలోకి చేర్చింది పక్క వీధి కుర్రాళ్లు.

మాటకి రెండో అర్థం ఉండకూడదని నేననను. చిట్టీ డబ్బులతో పారిపోయినవాణ్ణి నట్టేట ముంచాడంటాం, అప్పుల్లో మునిగిపోయాడంటాం. అక్కడ నీళ్లు లేకపోయినా ఊపిరాడని బాధ ఉంది, కాబట్టి మాట అతుకుతుంది. దండలు వేసినా, బర్త్‌డే శుభాకాంక్షలు చెప్పినా, కానుకలిచ్చినా మీ పేపర్లో ముంచెత్తడమేనా?

అధికారులదేమో ఇంకో తీరు. ఇళ్లు నిజంగా మునిగినప్పుడు వాళ్ల కాగితాల్లో ‘లోతట్టు ప్రాంతాల్లోకి నీరు చేరింది’ అని ఉంటుంది. చేరడమేమిటి! పరిహారంగా మునిగిన గ్రౌండ్ ఫ్లోర్‌కి 25 వేలు, పై అంతస్తులకి 10 వేలు అన్నారు. మాది కింది వాటా అయితే జాబితాలో పై అంతస్తని రాశారు, అది దిద్దించడానికి ఆఫీసు చుట్టూ మూడుసార్లు తిరిగాను. 2005లో కూడా ఇదే బుడమేరు పొంగింది కదా, మరి మధ్యలో ఇన్నేళ్లు ఏం చేశారు? ఏరు పారే దారిలో ఇళ్లు లేస్తుంటే ఎవరూ ఆపలేదు, చివరికి గండ్లు పూడ్చడానికి ఆర్మీ రావాల్సి వచ్చింది. ఆ నాలుగు లైన్ల వార్తని పైన వేసి, పనులు ఎంతవరకు వచ్చాయో ప్రతి నెలా అడగండి.

వాన పడితే చాలు, మా అత్తగారికి ఇప్పటికీ టెన్షన్, సర్టిఫికెట్ల సంచి పైన పెట్టమంటారు. ఆవిడ మీ పేపరు రోజూ చదువుతారు. ఆ శీర్షిక నాకు చూపించింది ఆవిడే.

– ఒక పాఠకురాలు, సింగ్ నగర్, విజయవాడ